పడవ నెమ్మదిగా సాగితేనే పక్షి నిలుస్తుంది



కోలారు జిల్లావాళ్లమైన మనకు సముద్రం దూరపు చుట్టం. నంది కొండల ప్రాంతంలో పుట్టిన మన పాలారు బేతమంగళం చెరువు దాటి, తమిళనాడులో వయలూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. మనం సముద్రతీరం చూడాలంటే బంగారుపేటలో రైలెక్కి చెన్నై చేరాలి. అక్కడి నుంచి ఉత్తరంగా సుమారు 80 కిలోమీటర్లు వెళితే సూళ్లూరుపేట వస్తుంది. దాని పక్కనే పులికాట్ సరస్సు. పడవలో తీరిగ్గా తిరుగుతూ పక్షులను చూడాలనీ, ఫొటోలు తీయాలనీ సరదాపడేవారి కోసం ఈనాటి ఈ ప్రసంగం.

మన దేశంలో చిలికా తర్వాత అతి పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. సముద్రానికీ దీనికీ మధ్య గోడలా శ్రీహరికోట దీవి ఉంది. ఇంత పెద్ద సరస్సుకు సగటు లోతు ఎంతనుకుంటున్నారు? సుమారు ఒక్క మీటరు! ఈ లోతులేనితనమే ఇక్కడి విశేషం. ఫ్లెమింగోలు పొడుగాటి కాళ్లతో నీళ్లలో నిలబడి, తల కిందులు చేసి, ముక్కుతో బురదనీటిని జల్లెడపట్టి సన్నని జీవులను తింటాయి. ఆ తిండిలోని రంగుపదార్థం వల్లే వాటికి గులాబీరంగు వస్తుంది. పిల్లపక్షులు బూడిదరంగులో ఉంటాయి.

ఫ్లెమింగో ఉన్నచోటు నుంచి ఒక్కసారిగా లేవలేదు. నీటిమీద కొన్ని అడుగులు పరుగెత్తి, తర్వాత గాలిలోకి లేస్తుంది. ఆ దృశ్యం ఫొటోలో ఎంతో బాగుంటుంది. అందుకే కొందరు ఇంజను పడవను గుంపు మీదికి తోలించి, పక్షులను బెదరగొట్టి ఫొటో తీస్తారు. మనకు అది ఒక్క ఫొటో. పక్షికి మాత్రం మేత పోయింది, ఒంట్లోని శక్తి ఖర్చయింది. రోజుకు పది పడవలు ఇలాగే వస్తే ఆ పక్షి కడుపు నిండేదెప్పుడు?

కాబట్టి పడవ మాట్లాడుకునేటప్పుడే గెడవేసి నడిపేవారిని అడగండి. ఇంజనుంటే దూరంలోనే ఆపించండి. పక్షులు మేత మాని తలలెత్తాయంటే మనం మరీ దగ్గరికి వచ్చామన్నమాట. అక్కడే ఆగాలి. కాసేపు కదలకుండా కూర్చుంటే అవి మళ్లీ మేతలో పడతాయి. మంచి ఫొటో అప్పుడే దొరుకుతుంది. పొద్దున్నే సూర్యుడు వీపువైపు ఉండేలా కూర్చోండి. ఊగే పడవలో ముక్కాలి పీట పనికిరాదు. మోచేతులు ఒంటికి ఆనించి కెమెరా పట్టుకోండి, షట్టరు వేగం పెంచండి. ఉప్పుగాలి తగిలిన లెన్సును మెత్తని గుడ్డతో తుడవండి.

దగ్గర్లోనే నేలపట్టు ఉంది. అక్కడ చెరువులోని చెట్లమీద గూడబాతులు గూళ్లు కడతాయి, పులికాట్‌కు వచ్చి చేపలు పట్టుకుపోతాయి. గూటి మీది తల్లి బెదిరి లేస్తే కాకులకు గుడ్లు దొరుకుతాయి. అందుకని అక్కడ పడవ మాటే వద్దు, గట్టు మీది నుంచి చూస్తే చాలు. ఆ పక్షుల రెట్ట కలిసిన చెరువునీరు తమ పొలాలకు ఎరువని ఆ ఊరివాళ్లు వాటిని కాపాడుకుంటారు.

మరో ముఖ్యమైన మాట. లోతు తక్కువ కదా అని ధైర్యం పనికిరాదు. 2011 డిసెంబరు 25న సరస్సు దక్షిణపు కొసన, పళవేర్కాడు వద్ద విహారానికి వెళ్లిన పడవ తిరగబడి 22 మంది చనిపోయారు. సందర్శకుల పడవలకు అనుమతి ఉందో లేదో అటవీశాఖవారినీ, పోలీసువారినీ ముందే అడగండి. అనుమతి లేదంటే శ్రీహరికోట రోడ్డు సరస్సు మధ్యగానే పోతుంది, అక్కడి నుంచీ పక్షులు కనిపిస్తాయి. పడవ ఎక్కితే మాత్రం ప్రాణరక్షక కోటు తొడుక్కోండి. పిల్లలకు మీ చేతులతోనే తొడిగి, ముళ్లు సరిచూడండి. పడవ పట్టేదానికంటే ఒక్కరు ఎక్కువైనా దిగిపోండి. పడవవాడు గాలి చూసి, "తిరిగి పోదామయ్యా" అంటే మారుమాట చెప్పకండి. ఆ నీళ్ల సంగతి మనకంటే అతనికే బాగా తెలుసు.

అక్టోబరు నుంచి మార్చి దాకా పక్షులు బాగా ఉంటాయి. వెళ్లేవారు ఓపిక కాస్త ఎక్కువగా మూటగట్టుకుని వెళ్లండి. సెలవు.