మీకు తెలుసా? మందార మీద తెల్లగా పాకేదంతా పీడ కాదు

నాందేడ్ జిల్లాలో తెలుగు వినిపించే ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ పెరళ్లలో మందారను మరాఠీవాళ్లు జాస్వంద్ అంటారు. దానికి పట్టే పీడ మనకు పిండినల్లి, వాళ్లకు పిఠ్యా ఢేకూణ్. పీఠ్ అంటే పిండి, ఢేకూణ్ అంటే నల్లి. పేర్లు వేరైనా పోలిక ఒక్కటే!

ఈ పురుగు మందార మీదికి రావడానికి ఒక కారణం చుట్టరికం. మందార, పత్తి, బెండ ఒకే కుటుంబం. నాందేడ్ నల్లరేగడి పత్తి నేల. ఎన్‌హెచ్‌హెచ్-44 అనే పేరున్న సంకర పత్తి ఇక్కడి పరిశోధన కేంద్రంలోనే పుట్టింది. 1898లో అమెరికాలో గుర్తించిన ఒక పిండినల్లి, 2005 తర్వాత కొన్నేళ్లపాటు మన పత్తి చేలను పీల్చి పిప్పి చేసింది. చేలో పత్తికట్టె పీకేశాక కూడా అది పెరటి మందార మీద, గోడవార మొలిచే వయ్యారిభామ మీద బతికేస్తుంది. వయ్యారిభామను పూత రాకముందే పీకేయండి.

కొమ్మ వెంట చీమలు బారులు కట్టాయా? పైన నల్లి ఉందేమో చూడండి. అది వదిలే తీపి జిగురు కోసం చీమలు దానికి కాపలా కాస్తాయి. నల్లి ఒంటిమీది మైనపు పొడి మందును లోపలికి దిగనివ్వదు. అందుకే బాగా పట్టిన చివుళ్లు తుంచి సంచిలో మూటకట్టి పారేయాలి. మిగతా మొక్కను నీటి ధారతో కడిగి, లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లాలి.

చల్లేముందు మాత్రం దయచేసి దగ్గరగా చూడండి. కొన్ని అక్షింతల పురుగుల పిల్లలు తెల్లటి మైనపు పోగులతో అచ్చం పెద్ద పిండినల్లిలా ఉంటాయి. నల్లులను తిని బతికేవి అవే. పుల్లతో కదిపితే చురుగ్గా పరుగెత్తేది మన నేస్తం. నల్లి మెల్లగా కదులుతుంది. పెద్దగా కనిపిస్తుందని నేస్తాన్నే ముందు నలిపేస్తుంటారు, అదే నా బాధ.

గోధుమరంగుకు తిరిగి గట్టిపడిన నల్లిని కూడా ముట్టుకోవద్దు. దాని కడుపులో చీమ కన్నా చిన్న కందిరీగ పెరుగుతుంటుంది. 2009లో దీన్ని కొత్త జాతిగా భావించి ఏనేసియస్ బంబావాలే అని పేరు పెట్టారు. అమెరికాలో ఎప్పుడో గుర్తించిన ఏనేసియస్ అరిజోనెన్సిసే ఇదని తర్వాత తేలింది. ఎవరూ తెచ్చి వదలకుండానే నల్లి వెంట మన దేశానికి వచ్చేసి ఉంటుంది. ఆ గట్టి పెంకు మీద గుండ్రటి చిల్లు కనిపిస్తే, కందిరీగ బయటికి వచ్చి మరో నల్లిని వెతుక్కుంటూ వెళ్లినట్టే.