మీకు తెలుసా? హద్దులు కలిసినా తేడా ఉండొచ్చు!

రెండు గొర్రెల మందల సగటు బరువుల విశ్వాస అంతరాలు (అసలు సగటు ఉండొచ్చని అంచనా వేసే హద్దులు) ఒకదానిపై ఒకటి పడినా, ఆ మందల మధ్య నిజమైన తేడా ఉండొచ్చు!

• తిరువూరు వైపు రెండు మందల నుంచి కొన్నేసి గొర్రెలను తూచామనుకుందాం. 95 శాతం విశ్వాసంతో మొదటి సగటు 29–31 కిలోల మధ్య, రెండోది 30.6–32.6 కిలోల మధ్య ఉందని తేలింది. హద్దులు కలిశాయి. అయినా సగటుల తేడాకే నేరుగా అంతరం కడితే 0.2–3 కిలోలు వస్తుంది. అందులో సున్నా లేదు, అంటే తేడా ఉన్నట్టే.

• కారణం: రెండు సగటులకూ ఉన్న ±1, ±1 కిలోల అనిశ్చితులు కలిస్తే ±2 కాదు. వర్గాలు కూడి వర్గమూలం తీయాలి, సుమారు ±1.4.

• పక్షపాతం లేని ఏ అంచనా అయినా ఎంత కచ్చితంగా ఉండగలదో 1945లో హద్దు చూపిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్. రావు, తిరువూరుకు చేరువలోని నూజివీడు, నందిగామల్లోనూ చదువుకున్నారు.