పాత తెరచాప పడవను కొనుట



ఎద్దును కొనునప్పుడు మనము పండ్లు చూతుము, గిట్టలెత్తి పరీక్షింతుము, కాఁడి కట్టి నాలుగడుగులు నడిపింతుము. అట్టి మనమే పడవను కొనవలసివచ్చినచో రంగు చూచి మురిసిపోదుము. సిద్దిపేటవంటి మెట్టసీమలో పడవల ప్రసంగ మేలయని మీరు నవ్వవచ్చును. కొన్నేండ్ల క్రిందట నేనును నవ్వియుందును. కాని 2020లో చంద్లాపూర్ కడ 3 టీ.ఎం.సీ.ల రంగనాయకసాగరమును, 2022లో 50 టీ.ఎం.సీ.ల మల్లన్నసాగరమును ప్రారంభించిన పిమ్మట మన పిల్లల చూపు నీటివైపు మరలినది.

నా మనుమఁడు పండ్రెండేండ్లవాఁడు. హైదరాబాదున హుస్సేనుసాగరముపై తెరచాప పడవ నడుపుట నేర్చినాఁడు. కుతుబ్‌షాహీల కాలమున పదునాఱవ శతాబ్దిలోఁ గట్టిన ఆ చెఱువుపై, వానకాలపు గాలులు వీచు జూలై మాసమున తెరచాప పడవల పందెములు జరుగుచుండును. వానికి స్వంతముగ నొక పడవ కావలెనని కోరిక పుట్టినది. క్రొత్తది కొను శక్తి మాకు లేదు. కావునఁ బాతదానిని వెదకితిమి.

వాఁడు కోరినది ఆప్టిమిస్టు అను పిల్లల పడవ. 1947లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రమున క్లార్క్ మిల్స్ అనునతఁడు దీనిని రూపొందించెను. పొడవు 7 అడుగుల 9 అంగుళములు. తెరచాపయు, దాని కొయ్యయుఁ గాక పడవ యొడలి బరువు 35 కిలోలు. తొలుత పలుచని కొయ్యపలకలతోఁ జేసిరి; ఇప్పుడు గాజునారతోఁ జేయుచున్నారు. ఇద్దఱు మనుష్యులు దీనిని మోయఁగలరు. రెండు చక్రముల బండిపైఁ గట్టి, కారు వెనుకఁ దగిలించి ఊరూరికిఁ గొనిపోవచ్చును.

అమ్మఁజూపిన మొదటి పడవ చూచుటకు నిగనిగలాడుచుండెను. నేను బయానా యిచ్చుటకు సంచిలోఁ జేయి పెట్టితిని. నా వెంట వచ్చిన మా యూరి వృద్ధ గంగపుత్రుఁడు, జన్మమంతయుఁ జెఱువులలోఁ బుట్టి నడపిన వాఁడు, నా చేయి పట్టుకొని, “రంగు కొంటున్నరా సారూ, పడవ కొంటున్నరా?” అనెను. నాకు సిగ్గు కలిగెను. తరువాత నతఁడు చేసిన పరీక్షలే నేఁడు మీకుఁ జెప్పఁదలఁచిన పాఠము.

మొదట పడవను బోర్లించి, వ్రేలి కణుపుతో అడుగంతయుఁ దట్టెను. గట్టి చోట టకటకమను. లోపల పొరలు విడినచోట బద్దకుండవలె మందముగ పలుకును. పిదప బొటనవ్రేలితో నదిమి చూచెను. మెత్తగ లోనికిఁ బోయినచో అచట బలము లేదన్నమాట. తరువాత ధాన్యము తూచు వ్రేలాడుకాటాకుఁ ద్రాళ్ళతో నెత్తించెను. 35 కిలోలుండవలసిన యొడలు 43 కిలోలు తూఁగెను. కొన్ని పడవలలో రెండు పొరల నడుమ నురుగుపలక యుండును. పైపొర పగిలినచో నది నీరు పీల్చును. పడవ పైకెండినను లోపల నానియే యుండును. పగుళ్ళను పూడ్చిన పదార్థమును బరువు పెంచును. ఏదైనను 8 కిలోల ఎక్కువ బరువునకుఁ గారణ మడుగక కొనరాదు. అమ్మువాఁడు సరియైన బదులు చెప్పలేకపోయెను. మేము లేచి వచ్చితిమి.

భోజరాజు పేర వెలసిన యుక్తికల్పతరువను సంస్కృతగ్రంథము పడవకొయ్యలను నాలుగు జాతులుగ విభజించి, తేలికయు గట్టితనమును రెండును గల కొయ్యను మెచ్చినది. గాజునారకును ఆ మాటయే చెల్లును. బరువెక్కి మెత్తబడిన పడవ రెండు గుణములను గోల్పోయినదే.

రెండవ పడవ వెలసిపోయి యుండెను. అమ్మువాఁడు తానే ముందుగ ముక్కున నున్న అతుకును జూపి, రాతికిఁ దగిలిన కథ చెప్పెను. దానిని లోఁతు లేని నీటిలో గంటసేపుంచితిమి. నడుమ పలకను దింపు గూటి అంచులలోఁ జెమ్మ పుట్టలేదు. తెరచాపకొయ్య నిలుచు పాదమును, చుక్కాని కీలకములను కదలించి చూచితిమి. పడవ బోరగిలినను మునుఁగకుండఁ గాపాడు గాలిసంచులు మూఁడింటిని ఊది రాత్రియంతయు నుంచఁగా ఒక్కటి తెల్లవాఱునప్పటికి జాఱిపోయెను. తెరచాప గుడ్డ బాగుగనే యున్నను కుట్టుదారము ఎండకుఁ జివికినది. బండిచక్రములు అరచుచుండెను. గాలిసంచికి, కుట్టుపనికి, చక్రములకు నగు వ్యయము నతని యెదుటనే లెక్కవేసి ధరలోఁ దగ్గించితిమి. అతఁడు సమ్మతించెను. రసీదుపై పడవ సంఖ్య వ్రాయించుకొంటిమి.

నీళ్ళలో బఱ్ఱె నుంచి గట్టుపై బేరమాడరాదని పెద్దలందురు. పడవ విషయమున గట్టుపైఁ జూచుటయు, నీళ్ళలోఁ జూచుటయు రెండును వలయును. అమ్మువారికి నొక మాట: లోపమును దాఁచి యమ్మినచో ఎద్దు దున్నక పోవును, అంతియే, పడవ యైనచో నొక తల్లి బిడ్డ నీటి పాలగును.

పడవ మంచిదైనంత మాత్రమున భయము తీఱదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు కడ పర్యాటకుల పడవ మునిఁగి పలువురు మరణించిరి. కావున మా యింట నొక కట్టడి చేసితిమి: తేలు కవచము తొడుగక పడవలోఁ గాలు పెట్టరాదు, గట్టుపైఁ బెద్దవారొకరు లేక తెరచాప యెత్తరాదు. మన జలాశయములలో దింపుటకు ముందు నీటిపారుదల యధికారుల యనుమతి పొందవలెను. తెరచాపతోఁ దెడ్డుతో నడచు పడవలనుగూర్చి 2021 నాఁటి అంతర్దేశ నౌకల చట్టమున నొక ప్రకరణము కలదు. స్థానికాధికారులను విచారించుట మేలు.

వెలసిన ఆ పడవకు నా మనుమఁడు రంగు వేయింపుమని యడిగెను. ఒక్క యేఁడు ఆగుమంటిని. అతుకు నెల్లప్పుడు కంటికిఁ గనఁబడుచుండుట మంచిదని ఆ వృద్ధుఁడు చెప్పియుండెను. సెలవు.