ప్లాస్టిక్ లోతుల్లో స్ఫటికాలు

ప్లాస్టిక్ డబ్బా మూతను గట్టిగా వంచితే మడతపడ్డ చోట తెల్లటి చార తేలుతుంది. లోపల కంటికి ఆననంత చిన్న ఖాళీలు ఏర్పడి కాంతిని చెదరగొట్టడమే ఆ తెలుపుకు కారణం. ఖాళీలు ఎక్కడ పుడతాయన్నది చాలావరకు లోపలి స్ఫటికాల అమరికను బట్టి ఉంటుంది. స్ఫటికమంటే పటిక, కలకండ గుర్తొస్తాయి గానీ ప్లాస్టిక్ గుర్తు రాదు. నిజానికి గట్టి రకం పాలిథిన్‌లో సగానికి పైగా స్ఫటికమే.

పాలిథిన్ అణువు వేల కర్బన పరమాణువుల గొలుసు. 1957లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఆండ్రూ కెల్లర్ ఈ పదార్థపు స్ఫటికాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పరిశీలించాడు. అవి సుమారు పది నానోమీటర్ల మందమున్న పలకలు. గొలుసులేమో పలకలో నిలువుగా నిలబడి ఉన్నాయి, వాటి పొడవు ఆ మందానికి ఎన్నో రెట్లు. అంత పొడుగు గొలుసు అంత పలుచటి పలకలో ఇమడాలంటే మళ్లీ మళ్లీ వెనక్కి మడతపడక తప్పదు. అప్పటికి మడతను ఎవరూ కళ్లారా చూడలేదు, కొలతలే దాన్ని బయటపెట్టాయి. ఈ శాస్త్రంలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్న తర్కం ఇదే.

కరిగిన ప్లాస్టిక్ చల్లారేటప్పుడు ఈ పలకలు ఒకచోట మొదలై, నడుమ బిగించిన వరికట్టలా రెండు కొసలా విచ్చుకుంటూ, కొమ్మలు వేస్తూ చివరికి గుండ్రటి బంతి అవుతాయి. దాన్నే స్ఫెరులైట్ అంటారు. పరిమాణం కొన్ని మైక్రాన్ల నుంచి కొన్ని వందల మైక్రాన్ల దాకా ఉంటుంది. పక్కపక్క బంతులు తాకిన చోట పెరుగుదల ఆగి హద్దు ఏర్పడుతుంది. బంతులు పెద్దవైతే ప్లాస్టిక్ తరచూ ఆ హద్దుల వెంటే చిట్లుతుంది.

వీటిని చూసే పాత పద్ధతిలో పలుచటి పొరను ఒకదానికొకటి అడ్డంగా తిప్పిన రెండు పోలరైజర్ల (ఒకే దిశలో కంపించే కాంతిని మాత్రమే వదిలే పలకల) మధ్య పెడతారు. ప్రతి బంతి మీదా నల్లటి శిలువ కనిపిస్తుంది. చూడముచ్చటైన దృశ్యమే, కానీ అందులో పెద్ద తిరకాసు ఉంది. గొలుసులు సరిగ్గా మన కంటివైపు నిలబడి ఉన్నా ఆ చోటు నల్లగానే ఉంటుంది, అసలు స్ఫటికమే లేకపోయినా నల్లగానే ఉంటుంది. చక్కటి క్రమానికీ పూర్తి అస్తవ్యస్తానికీ ఒకే రంగన్నమాట! పైగా గాజు పలకల మధ్య పలుచగా పరిచిన పొరలో బంతికి ఎదిగే చోటుండదు, బిళ్లగా మిగిలిపోతుంది. అసలు వస్తువులోని రూపం అది కాదు.

అందుకే లోతు కావాలి. కాన్‌ఫోకల్ మైక్రోస్కోపు లేజర్‌ను ఒక్కో బిందువు మీద నిలిపి, ఆ లోతు నుంచి వచ్చే వెలుగునే సన్నటి రంధ్రం గుండా రానిస్తుంది. ప్లాస్టిక్‌లో వెలుగునిచ్చే రంగును ముందే కలిపితే, పెరుగుతున్న స్ఫటికం దాన్ని బయటికి నెట్టేస్తుంది. రంగు పోగైన చోట్లు హద్దుల్ని చూపిస్తాయి. పొర తర్వాత పొర తీసి పేరిస్తే బంతి పూర్తి ఆకారం తయారవుతుంది.

రంగు అక్కరలేని దారి రామన్ పరిక్షేపణ. బాల్యంలో విశాఖపట్నంలో చదువుకున్న సి.వి. రామన్ 1928లో కలకత్తాలో కనుగొన్నది ఇదే. అణువుల కంపనాలను బట్టి చెదిరిన కాంతి రంగు స్వల్పంగా మారుతుంది. లేజర్ ధ్రువణ దిశను తిప్పుతూ, గొలుసు వెంట సాగే కంపనాన్నీ అడ్డంగా సాగే కంపనాన్నీ పోలిస్తే, గొలుసు ఎటు తిరిగి ఉందో, కంటివైపు ఎంత వాలిందో కూడా లెక్క తేలుతుంది. నల్లటి మచ్చ తిరకాసు అలా విడిపోతుంది.

పది నానోమీటర్ల పలక మాత్రం మామూలు కాంతికి అందదు. దానికి ఎలక్ట్రాన్ టోమోగ్రఫీ ఉంది. నమూనాను కొద్దికొద్దిగా వాలుస్తూ ఎన్నో చిత్రాలు తీసి, సీటీ స్కాన్ తరహాలో కలుపుతారు. చిక్కేమిటంటే, ఎలక్ట్రాన్ల ధాటికి పాలిథిన్ స్ఫటికం త్వరగా చెడిపోతుంది.

ఈ కృషి ఫలం పాత ప్లాస్టిక్‌ను తిరిగి వాడే చోట ఎక్కువగా అక్కరకొస్తుంది. పాలిథిన్‌నూ పాలీప్రొపిలీన్‌నూ కలిపి కరిగించినా అవి ఒకదానిలో ఒకటి కలవవు, చల్లారాక వేర్వేరుగా స్ఫటికమవుతాయి. రెండూ కలిసే సరిహద్దు బలహీనంగా ఉంటుంది. రామన్ కొలత ఈ రెంటినీ విడివిడిగా గుర్తుపడుతుంది కాబట్టి, వస్తువును కోయకుండానే పైపొరల లోతుల్లో ఆ సరిహద్దు ఎలా సాగిందో చూడవచ్చు. రెంటినీ అతికించే పదార్థం కలిపినప్పుడు ఆ సరిహద్దు మారిందో లేదో కూడా అలాగే తేల్చుకోవచ్చు.