పాక్షిక సవరణలో పుట్, ప్యాచ్ పద్ధతులు: ఏలూరు జిల్లా ఏర్పాటు ఉదాహరణగా

2022 ఏప్రిల్ 4న ఏలూరు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. అంతవరకు కృష్ణా జిల్లాలో ఉన్న కైకలూరు అందులో చేరింది. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే ఉండిపోయినా, ఆ జిల్లా కేంద్రం ఏలూరు నుండి భీమవరానికి మారింది. అక్షాంశ రేఖాంశాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. స్థల వివరాల నమోదులలో ఒకటి రెండు అంశాలే మారవలసి వచ్చింది. ఇటువంటి పాక్షిక సవరణను వెబ్ ద్వారా పంపేటప్పుడు పద్ధతిని పొరపాటుగా ఎన్నుకుంటే, మారనవసరం లేని సమాచారం కూడా చెరిగిపోతుంది.

హెచ్‌టీటీపీలో పుట్ అంటే, వనరు ప్రస్తుత స్థితిని తొలగించి పంపిన ప్రతిని దాని స్థానంలో ఉంచమని కోరడం. కొల్లేటి నమోదులో అభయారణ్య విస్తీర్ణం 308 చదరపు కిలోమీటర్లు, రామ్‌సర్ గుర్తింపు తేదీ 2002 ఆగస్టు 19, రామ్‌సర్ విస్తీర్ణం 90,100 హెక్టార్లు, జిల్లాలు కృష్ణా, పశ్చిమ గోదావరి అని ఉన్నాయనుకుందాం. (రెండు విస్తీర్ణాలూ వేర్వేరు ప్రకటనలకు చెందినవి; ఒకటి ఉండగా రెండవది ఎందుకని తీసివేయరాదు.) జిల్లాల జాబితాను మాత్రమే పుట్‌తో పంపితే, తక్కిన మూడింటినీ సర్వర్ తొలగించడం నియమసమ్మతమే. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ఏపీఐ 0.6 ఈ కారణంగానే సవరణ తరువాతి పూర్తి రూపాన్ని కోరుతుంది. దానితోపాటు పంపిన సంచిక సంఖ్య సరిపోలకపోతే 409 సంకేతంతో తిరస్కరిస్తుంది.

ప్యాచ్ 1997 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2068 అనుబంధంలో కనిపించి, 1999 నాటి 2616లో అదృశ్యమై, 2010 మార్చిలో ఆర్‌ఎఫ్‌సీ 5789గా స్థిరపడింది. ఇందులో పంపేది మార్పును వివరించే పత్రం. దాని అర్థాన్ని పత్రరూపం నిర్ణయిస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. జేసన్ మెర్జ్ ప్యాచ్‌లో పేర్కొనని అంశం యథాతథంగా ఉంటుంది, 'నల్' విలువ ఇస్తే తొలగిపోతుంది. జాబితా మాత్రం మొత్తంగా మారుతుంది. 'ఏలూరు' అన్న ఒక్క పేరున్న జాబితాను పంపితే, ఆకివీడు వైపున్న పశ్చిమ గోదావరి కూడా పోతుంది. జేసన్ ప్యాచ్‌లోనైతే 'యాడ్' ఆదేశంతో ఒక్క పేరునే చేర్చవచ్చు. అయితే జవాబు అందలేదని అదే అభ్యర్థనను మళ్లీ పంపితే జాబితా చివర ఏలూరు రెండుసార్లు చేరుతుంది. పుట్‌కు గల పునరుక్తి సహనం ప్యాచ్‌కు స్వతస్సిద్ధం కాదు. ఒక పత్రంలోని ఆదేశాలన్నీ అమలు కావాలి, లేదా ఏదీ కారాదు అన్న నియమం మాత్రం ప్యాచ్‌కు ఉంది.

ఇద్దరు ఒకే ప్రతిని చదివి వేర్వేరుగా సవరిస్తే, వెనుక వచ్చినది ముందుదానిని తుడిచివేయవచ్చు. చదివిన ప్రతి ఈట్యాగ్‌ను ఇఫ్-మ్యాచ్ శీర్షికలో జతచేస్తే, మధ్యలో వనరు మారినప్పుడు సర్వర్ 412తో ఆపుతుంది. అటువంటి షరతు లేని అభ్యర్థనను 428తో నిరాకరించే వీలు కూడా ఉంది.

తాడేపల్లిగూడెం సమస్య వేరు. జిల్లా కేంద్రం పేరును ప్రతి ఊరి నమోదులోనూ రాసి ఉంటే అన్నింటికీ ప్యాచ్ పంపాలి. జిల్లాను ప్రత్యేక వనరుగా ఉంచితే ఒక్క అభ్యర్థన చాలు. కైకలూరు విషయంలో 'రీప్లేస్' కూడా సందేహాస్పదమే. వికీడేటాలో పాత జిల్లా పేరుకు ముగింపు తేదీ చేర్చి, కొత్త పేరును దాని పక్కన ఉంచవచ్చు. 1990లలోని ఒక పత్రంలో 'కైకలూరు, కృష్ణా జిల్లా' అని ఉంటే అది తప్పు కాదని పరిశోధకునికి ఆ నమోదే చెబుతుంది.