సెమఫోర్: కాపలాకు కాపలా

నారాయణఖేడ్ డిగ్రీ కళాశాలలో నేను ఆపరేటింగ్ సిస్టమ్స్ పాఠము చెప్పుచు, సెమఫోర్ అనునది ఒక పూర్ణసంఖ్య యనియు, దానిని పి, వి అను రెండు క్రియలచేత తప్ప మరి యే విధముగను తాకరాదనియు, పి దానిని ఒకటి తగ్గించుననియు, వి ఒకటి పెంచుననియు బోర్డుమీద వ్రాసి ఇటు తిరుగునంతలో, వెనుక బెంచీనుండి ఒక విద్యార్థి లేచి, "సార్, అందరు పంచుకునే డేటాను కాపాడనీకె గీ నంబర్ పెట్టినమంటిరి. మరి గీ నంబర్‌ను గూడ ఇద్దరు ఒక్కపారే ముట్టుకుంటే, దాన్ని ఎవరు కాపాడాలె?" అని అడిగెను. పాఠ్యగ్రంథములు ఈ ప్రశ్నను "పి, వి అవిభాజ్యములు" అను ఒక్క వాక్యముతో దాటిపోవును. ఆ వాక్యము సత్యమే. కాని సెమఫోర్ యందలి సౌందర్యమంతయు ఆ వాక్యము అడుగుననే ఉన్నది.

మొదట ప్రమాదమెట్టిదో చూతము. మెమరీలో ఒక స్థానమున 7 అను సంఖ్య ఉన్నది. రెండు ప్రాసెస్‌లు దానికి చెరియొకటి కలుపవలెను. కలుపుట మనకు ఒక పనిగా తోచును గాని ప్రాసెసర్‌కు అది మూడు పనులు, అనగా మూడు సూచనలు: సంఖ్యను రిజిస్టర్ లోనికి తెచ్చుట, ఒకటి కూడుట, తిరిగి మెమరీలో పెట్టుట. మొదటి ప్రాసెస్ 7ను తెచ్చుకొన్న మరుక్షణమే ఇంటరప్ట్ వచ్చి దానిని ఆపివేసినదనుకొందము. రెండవది వచ్చి, 7ను చదివి, 8 వ్రాసి పోవును. మొదటిది మేల్కొని, తన చేతిలోని పాత 7కు ఒకటి కూడి, మరల 8నే వ్రాయును. రెండు కూడికలు జరిగినవి, ఫలితమున ఒకటే మిగిలినది. ఈ తప్పులో భయంకరమైన గుణమేమనగా, ఆ ఇంటరప్ట్ ఒక్క సూచన ముందో రెండు సూచనలు వెనుకో వచ్చియుండిన యెడల అంతయు సవ్యముగా జరిగిపోవును. ప్రోగ్రామును నూరుమార్లు పరీక్షించినను నూరుమార్లును సరియైన జవాబే ఇచ్చి, నూటొకటవమారు మోసగింపగలదు.

ఈ భయమును అందరికన్న ముందు గాఢముగా అనుభవించినవారిలో హాలండు దేశీయుడైన ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా ఒకడు. ఎలెక్ట్రోలోజికా సంస్థవారి ఎక్స్1 యంత్రమున ఇంటరప్ట్‌ను పెట్టుదమని లోప్‌స్ట్రా, స్కోల్టెన్ అను ఇంజనీర్లు ప్రతిపాదించినప్పుడు, మరల పునరావృతము కాని తప్పులు తన ప్రోగ్రాములలో పుట్టునని తలచి మిక్కిలి కలవరపడితినని ఆయన తన జ్ఞాపకములలో వ్రాసికొన్నాడు. చదువుట, వ్రాయుట తప్ప వేరు సాధనము లేకుండ రెండు ప్రాసెస్‌లను ఒకదానికొకటి అడ్డురాకుండ నడుపు మార్గమును డెక్కర్ అను గణితజ్ఞుడు కనిపెట్టెను. దానిని ఎన్ని ప్రాసెస్‌లకైనను వర్తించునట్లు డైక్‌స్ట్రా 1965లో ప్రకటించెను. ఆ మార్గము నిర్దోషమైనదే, కాని అందులో తన వంతు రాని ప్రాసెస్ ఊరక నిలువదు, "ఇప్పుడా? ఇప్పుడా?" అని అడుగుచు ప్రాసెసర్ కాలమును తినుచుండును. ఒకే ప్రాసెసర్ గల యంత్రమున ఇది మరియు విడ్డూరము, ఏలయన ఎవనికొరకు వేచియున్నాడో వానికి దక్కవలసిన కాలమునే వేచియున్నవాడు తినివేయుచున్నాడు.

వేచియుండువానిని నిద్రపుచ్చవలెను. డైక్‌స్ట్రా తలపు అచట మొదలైనది. పి క్రియ సంఖ్యనుండి ఒకటి తీసివేయును. మిగిలినది సున్నయో అంతకెక్కువయో అయిన యెడల ప్రాసెస్ ముందుకు సాగును, ఋణసంఖ్య అయిన యెడల దాని పేరు ఒక జాబితాలో చేరి అది నిద్రించును. వి క్రియ ఒకటి కలుపును. అప్పటికిని ఫలితము సున్నయో ఋణమో అయినచో జాబితాలోని ఒకరిని లేపి పంపును. ఇంతే. సంఖ్య 1తో మొదలుపెట్టిన యెడల ఒకే ప్రాసెస్ లోనికి పోగలదు. సంఖ్య −3 అని ఉన్నచో ముగ్గురు బయట నిద్రించుచున్నారని అర్థము. తాళము, హాజరుపట్టిక, గంట అను మూడును ఒక్క అంకెలో ఇమిడిపోయిన ఈ పొదుపును చూచినప్పుడెల్ల నాకు ఆశ్చర్యము కొత్తగానే కలుగును.

అంకెను గుర్తుంచుకొనుటలో మరియొక లాభము కలదు, దీనిని విద్యార్థులు తొందరలో గమనింపరు. సంఖ్య లేకుండ కేవలము "నిద్రించు", "లేపు" అను రెండు ఆజ్ఞలే ఉన్నవనుకొందము. ఒక ప్రాసెస్, వస్తువులను పెట్టి తీయు బఫర్ ఖాళీగా నున్నదని చూచి, నిద్రింపబోవుచుండగా, సరిగా ఆ రెంటి నడుమ దానిని ఆపి వేరొక ప్రాసెస్‌ను నడిపించిరి. అది బఫర్‌లో వస్తువు పెట్టి "లేపు" అనెను. లేపవలసినవాడు ఇంకను నిద్రింపనేలేదు గనుక ఆ పిలుపు గాలిలో కలిసిపోయెను. పిదప మొదటి ప్రాసెస్ తాను తలపెట్టిన ప్రకారము నిద్రించును. ఇక దానిని లేపువాడుండడు. సెమఫోర్ నందు ఇట్టి నష్టము లేదు. వి ముందుగా వచ్చినను అది +1గా నిలిచియుండును. తరువాత వచ్చిన పి దానిని తీసికొని నిద్రింపకయే సాగిపోవును. చేసిన పిలుపు వృథా కాదు.

ఇక ఆ విద్యార్థి ప్రశ్నకు వత్తము. తగ్గించుట, పరీక్షించుట, జాబితాలో చేర్చుట అను పనులు కూడ అనేక సూచనలే గదా, వాటి నడుమ ఇంటరప్ట్ వచ్చిన యెడల? నిజమే, సెమఫోర్ సంఖ్యకును కాపలా కావలయును. ఒకే ప్రాసెసర్ గల యంత్రమున ఆపరేటింగ్ సిస్టమ్ ఆ కొద్ది సూచనలు నడచునంతసేపు ఇంటరప్ట్‌లను మూసివేయును. అనేక ప్రాసెసర్లున్నచోట అది చాలదు గనుక, చదువుటయు వ్రాయుటయు ఒకే ఊపిరిలో జరిపించు ప్రత్యేక సూచనను యంత్రమే ఇచ్చును. 1964లో వెలువడిన ఐబీఎం సిస్టమ్/360లోని టెస్ట్ అండ్ సెట్ అట్టిదే. ఆ సూచనతో చేసిన చిన్న తాళముకొరకు ప్రాసెసర్లు నిజముగా గిరగిర తిరుగుచు వేచియుండును. అనగా మనము నిందించిన ఆ వ్యర్థ నిరీక్షణమే ఇచట మరల ప్రవేశించినది! కాని భేదమును గమనింపుడు. ఇంతకుముందు ప్రాసెస్ వేచినది మరియొకని పని పూర్తియగువరకు, అది క్షణమో గంటయో ఎవరికిని తెలియదు. ఇప్పుడు వేచునది కొద్ది సూచనలు గడచువరకే, వాటిని ముందే లెక్కపెట్టవచ్చును. సెమఫోర్ నిరీక్షణమును నిర్మూలింపలేదు; హద్దులేని దానిని లోపలికి అణచి అణచి, హద్దు తెలిసిన ఒక బిందువులో బంధించినది. ఇదియే దాని ఘనత యని నా నమ్మకము.

ఆ బిందువు క్రిందను ప్రశ్న ఆగదు. రెండు ప్రాసెసర్లు ఒకే క్షణమున మెమరీని కోరినచో ఎవరు ముందని నిర్ణయించు విద్యుద్వలయము ఒకటి ఉండును. రెండు స్పందములు దాదాపు ఒక్కమారే వచ్చి తాకినప్పుడు ఆ వలయము ఇటో అటో ఒరుగుటకు ముందు కొంత తడవు నడిమధ్య ఊగిసలాడగలదు. ఆ తడవు ఎంత దీర్ఘమైన అంత అరుదు. ఇంజనీర్లు దానిని పూర్తిగా తీసివేయలేరు, యంత్రమునకు బాధ కలుగనంత అరుదుగా చేయుదురు. వెనుక బెంచీనుండి వచ్చిన ప్రశ్న ప్రోగ్రామును దాటి, సిలికానును దాటి, భౌతికశాస్త్రము వాకిటిలో నిలిచినది.

సెమఫోర్ అను పేరు రైలు స్టేషను స్తంభముమీది రెక్కదని అందరెరుగుదురు. నా దృష్టిలో ఆ రెక్క కన్న ఒంటి పట్టాలమీద వాడిన టోకెన్ గోళమే డైక్‌స్ట్రా తలపునకు దగ్గర. మా నారాయణఖేడ్‌కు రైలు లేదు; రైలెక్కవలెనన్న జహీరాబాదుకో బీదరుకో పోవలసినదే. ఆ రెండును వికారాబాదునుండి పర్లీకి పోవు మార్గముమీదివి. మన దేశపు ఒంటి పట్టాలమీద విరివిగా వాడిన నీల్ టోకెన్ యంత్రములో ఉక్కు గోళములుండును. పక్కపక్క స్టేషన్లు రెంటను ఒక్కొక్క యంత్రము, రెంటికి నడుమ తీగ. అవతలి స్టేషను మాస్టరు సమ్మతించి తన యంత్రమును నొక్కి విద్యుత్తు పంపిన గాని ఇవతలి యంత్రమునుండి గోళము రాదు. ఒక గోళము బయటికి వచ్చినదా, అది రెంటిలో ఏదో ఒకదానిలో తిరిగి పడువరకు రెండు యంత్రములును బిగిసిపోవును. పెట్టెలో ఎన్ని గోళములున్నను బయట ఉండగలది ఒకటే. బెత్తపు కడియమునకు కట్టిన తోలుసంచిలో ఆ గోళమును ఉంచి డ్రైవరుకు అందించెదరు. అది చేతిలో లేనిదే బండి ఆ సెక్షనులోనికి అడుగుపెట్టరాదు. గోళమును తీయుట పి, వేయుట వి. కాపలాకు కాపలా ఎవరన్న ప్రశ్నకు ఇచటను అదే జవాబు: ఇద్దరు మనుష్యుల జాగ్రత్తకు వదలిపెట్టక, విద్యుత్తుతో బిగించిన ఇనుప గడియ.

వికారాబాదునుండి పోవు ఆ మార్గమునకే మరియొక విశేషము కలదు. రెండు బండ్లు ఒకే పట్టామీద ఎదురుపడకుండ తానే బ్రేకు వేయు కవచ్ అను వ్యవస్థకు దక్షిణ మధ్య రైల్వేలో ప్రయోగములు జరిగిన మార్గములలో వికారాబాదు–బీదరు సెక్షను ఒకటి. ప్రయాణికుల బండ్లమీద ఆ ప్రయోగములు 2016 ఫిబ్రవరిలో మొదలైనవి. 2022 మార్చి 4న అదే రైల్వేలో గుళ్ళగూడ, చిట్‌గిడ్డ స్టేషన్ల నడుమ ఒకే పట్టామీద ఎదురెదురుగా రెండు ఇంజన్లను నడిపింపగా, ఎదుటి ఇంజను ఇంకను 380 మీటర్ల దూరమున ఉండగనే ఇవతలిది తనంత తానుగా ఆగిపోయెను. సాధనములు మారినవి, ఉక్కు గోళమునకు మారు రేడియో తరంగములు వచ్చినవి. ఒక్క సెక్షనులో ఒక్కరే ఉండవలెనను నియమము మాత్రము అదియే.

ఇక రైలునుండి కంప్యూటరుకు మరలుదము. డైక్‌స్ట్రా సెమఫోర్లను తన యైండ్‌హోవెన్ విశ్వవిద్యాలయమున ఎక్స్8 యంత్రముమీద కట్టిన టీహెచ్ఈ అను ఆపరేటింగ్ సిస్టమ్‌కు పునాదిగా వేసెను. 27 బిట్ల పదములు 32 వేల పైచిలుకు మాత్రమే గల మెమరీ ఆ యంత్రముది, పనిచేసినవారు ఆరుగురు. అన్నిటికన్న అడుగు పొరలో సెమఫోర్లు, వాటిమీద మిగిలిన పొరలన్నియు. పరీక్షలలో బయటపడినవి అయిదువందల సూచనలకు ఒకటి చొప్పున అల్పమైన వ్రాతతప్పులు మాత్రమే యని 1968లో అచ్చయిన వ్యాసమున ఆయన చెప్పెను. సంఖ్య ఒకటికి మించియు పోవచ్చునని, అట్టి సెమఫోర్లకు చాల ఉపయోగములున్నవని చూపినవాడు స్కోల్టెన్. బఫర్‌ను నడుపుటలో ఆ ఉపయోగము తేటపడును. ఖాళీ గదుల సంఖ్య ఒక సెమఫోర్, నిండిన గదుల సంఖ్య ఒకటి, బఫర్‌కు తాళము మూడవది. వస్తువు పెట్టువాడు మొదట ఖాళీ మీద పి, తరువాత తాళము మీద పి చేయవలెను. ఈ రెంటిని తారుమారు చేసి చూడుడు: బఫర్ నిండియుండగా అతడు తాళము తీసికొని ఖాళీకొరకు నిద్రించును; వస్తువును తీసి ఖాళీ చేయవలసినవాడు ఆ తాళముకొరకు నిద్రించును; ఇద్దరును ఇక లేవరు. దీనినే డెడ్‌లాక్ అందురు. వి క్రియల క్రమము తారుమారైనను హాని లేదు, పి క్రియల క్రమమే ప్రాణము. లాబులో డెడ్‌లాక్ వచ్చినదని పిలిచిన విద్యార్థి ప్రోగ్రాములో నేను మొదట వెదకునది ఈ రెండు పంక్తులనే.

ఇట్టి తప్పులు ఎంత సులభమో చూచియే టోనీ హోర్, బ్రించ్ హాన్సెన్ అనువారు, తాళములను ప్రోగ్రామంతట వెదజల్లుట తగదని వాదించి, డేటాను దాని కాపలాతో కలిపి ఒక్కచోట కట్టు మానిటర్లను 1970ల తొలినాళ్ళలో ముందుకు తెచ్చిరి. జావాలోని తాళములు ఆ వంశమువే. వారి వాదము న్యాయమైనదే, అయినను మానిటర్‌ను కట్టుటకు అడుగున సెమఫోరే చాలునని మరువరాదు. 1997లో కుజగ్రహముమీద దిగిన పాత్‌ఫైండర్ అను వ్యోమనౌక మాటిమాటికి రీసెట్ అగుటకు కారణము కూడ ఒక తాళమే: వాతావరణ వివరములు సేకరించు అల్పప్రాధాన్యపు టాస్క్ తాళము పట్టుకొనియుండగా, నడిమితరగతి టాస్కులు దానిని కదలనీయక, తాళముకొరకు వేచిన ముఖ్యమైన టాస్క్‌ను ఆపివేసెను. తాళము పట్టినవానికి, దానికొరకు వేచినవాని ప్రాధాన్యమును తాత్కాలికముగా ఇచ్చు సదుపాయము అందులోనే ఉండెను. దానిని భూమినుండి ఆన్ చేయగా బాధ తీరెను. నేటి తాళములకును ఆధారము అదే అవిభాజ్యత: ఇప్పటి లినక్స్ లోని ఫ్యూటెక్స్ అను సాధనము, పోటీ లేనప్పుడు కెర్నెల్ గుమ్మము తొక్కకయే ఒక్క అవిభాజ్య సూచనతో పని ముగించును.

డైక్‌స్ట్రా కావలెననియే తెరచి వదలిన ప్రశ్న యొకటి మిగిలినది. నిద్రించువారు పలువురున్నప్పుడు వి ఎవరిని లేపవలెనో ఆయన చెప్పలేదు. అదృష్టహీనుడొకడు ఎన్నటికిని వంతు రాక మిగిలిపోవచ్చును. అట్టి సెమఫోర్లు పరిమితముగా కొన్ని మాత్రమే ఇచ్చినచో ఎవరినీ ఆకలికి మాడ్చని ప్రోగ్రాము వ్రాయుట అసాధ్యమని ఆయన ఊహించెను. జె. ఎం. మోరిస్ 1979లో అది తప్పని చూపెను. ఆయన ఉపాయమున రెండు గదులు, రెండు ద్వారములు. వచ్చినవారందరు మొదటి గదిలో లెక్క వ్రాయించుకొని, తెరచిన మొదటి ద్వారముగుండ ఒకరి వెనుక ఒకరు రెండవ గదిలోనికి పోవుదురు. అప్పుడు రెండవ ద్వారము మూసియుండును గనుక, దాటినవాడెవడును తిరిగి వచ్చి వెనుకవాని చోటును ఆక్రమింపలేడు. ప్రాసెస్‌లు పరిమితములు గావున మొదటి గది ఎప్పుడో ఒకప్పుడు ఖాళీ కాక తప్పదు. కడపట దాటినవాడు మొదటి ద్వారమును మూసియుంచి రెండవదానిని తెరచును. లోపలివారు ఏ క్రమమున లేచినను ఒక్కొక్కరుగా తమ పని ముగించుకొని పోవుదురు. వారిలో చివరివాడు పోవుచు మొదటి ద్వారముమీద మరల వి చేయును.