స్టీరింగ్ దానిది.. బాధ్యత మనది

అమెరికాలో మన కుటుంబాలు ఎక్కువగా శివారు ఊళ్లలోనే ఉంటాయి. ఇంటికి గరాజ్, ముందు డ్రైవ్‌వే, ఇండియన్ స్టోరుకు వెళ్తే ఎదురుగా పెద్ద పార్కింగ్ లాట్. రోడ్డు పక్కన రెండు కార్ల మధ్య సందులోకి కారును వెనక్కి దూర్చాల్సిన అవసరం ఏడాదికి నాలుగైదుసార్లు కూడా రాదు. వచ్చినప్పుడు మాత్రం శాన్ ఫ్రాన్సిస్కో వీధిలోనో, జెర్సీ సిటీలోనో, పిల్లలు చదివే కాలేజీ ఊళ్లోనో వస్తుంది. వెనక హారన్లు, పక్కన సైకిళ్లు, వెనక సీట్లో ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలు. పైగా అక్కడ డ్రైవింగ్ నేర్చుకున్న చేతికి ఇక్కడంతా తిరగబడి ఉంటుంది. అక్కడ స్టీరింగ్ కుడివైపు, కారు ఆపేది రోడ్డుకు ఎడమ అంచున. ఇక్కడ రెండూ తారుమారు.

అందుకే కొత్త కారు కొనేటప్పుడు డీలర్ 'పార్క్ అసిస్ట్' బటన్ చూపించగానే మనవాళ్ల ముఖాలు వెలిగిపోతాయి. బటన్ నొక్కితే స్టీరింగ్ తనంతట తానే గిరగిరా తిరిగి, కారు సందులో కుదురుకుంటుంది. చూడ్డానికి మాయలా ఉన్నా లోపల జరిగేది హైస్కూల్ లెక్కలు, కాస్త ఫిజిక్స్. అది తెలిస్తే దాన్ని ఎక్కడ నమ్మాలో, ఎక్కడ బ్రేకు మీద కాలు సిద్ధంగా ఉంచాలో కూడా తెలుస్తుంది.

ముందు ఖాళీని కొలుస్తుంది

బటన్ నొక్కి, ఆగి ఉన్న కార్ల పక్కగా నెమ్మదిగా వెళ్లాలి. బంపర్ల మీద నాణెమంత గుండ్రటి బిళ్లలు కనిపిస్తాయి కదా, అవే అల్ట్రాసోనిక్ సెన్సర్లు. ఈ సదుపాయం ఉన్న చాలా కార్లలో ముందు ఆరు, వెనక ఆరు ఉంటాయి. మన చెవికి అందని శబ్దాన్ని ఇవి వదులుతాయి. బావిలోకి తొంగిచూసి కేకేస్తే తిరిగొచ్చినట్టు, ఆ శబ్దం పక్క కారుకు తగిలి వెనక్కి వస్తుంది. 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర గాలిలో శబ్దవేగం సెకనుకు సుమారు 343 మీటర్లు. మీటరు దూరంలో ఉన్న కారును తాకి తిరిగి రావడానికి దాదాపు 5.8 మిల్లీసెకన్లు పడుతుంది. ఈ సమయాన్ని బట్టే దూరం తెలుస్తుంది.

ఇక్కడే ఒక చిక్కుంది. చలికి శబ్దం నెమ్మదిస్తుంది. సున్నా డిగ్రీల దగ్గర దాని వేగం 331 మీటర్లే. షికాగో జనవరిలో కూడా పాత లెక్కే వేస్తే మీటరు దూరం మూడున్నర సెంటీమీటర్లు ఎక్కువగా కనిపిస్తుంది. అంటే అడ్డంకి నిజానికన్నా దూరంగా ఉందని కారు భ్రమపడుతుంది. అందుకే బయటి ఉష్ణోగ్రతను చూసి లెక్కను సరిదిద్దుకుంటుంది.

పక్కదూరం తేలింది. మరి ఖాళీ పొడవు? ఏబీఎస్ బ్రేకుల కోసం ప్రతి చక్రం దగ్గరా ఉన్న సెన్సర్లే ఆ పని కూడా చేస్తాయి. చక్రం ఎంత తిరిగిందో లెక్కిస్తే కారు ఎంత దూరం వెళ్లిందో తేలుతుంది. పక్కదూరం ఉన్నట్టుండి పెరిగిన చోట ఖాళీ మొదలు, మళ్లీ తగ్గిన చోట ఖాళీ ముగింపు. ఆ పొడవు మన కారుకన్నా మీటరు అటూ ఇటూగా ఎక్కువుంటే 'చోటు దొరికింది' అని తెర మీద చూపిస్తుంది.

డ్రైవింగ్ మాస్టారి 45 డిగ్రీలు

కారు పక్కకు జరగలేదు. వంపులో మాత్రమే కదలగలదు. స్టీరింగ్‌ను ఒకచోట నిలిపి ఉంచితే నాలుగు చక్రాలూ ఒకే కేంద్రం చుట్టూ తిరుగుతాయి. ఆ కేంద్రం ఎప్పుడూ వెనక ఇరుసు గీత మీదే ఉంటుంది. కాబట్టి కంప్యూటర్ వెనక ఇరుసు మధ్యబిందువు ఏ దారిలో పోవాలో గీసుకుంటుంది. ఆ దారి రెండు వలయ ఖండాలు: మొదట కుడికి తిప్పి ఒకటి, తర్వాత ఎడమకు తిప్పి ఇంకొకటి. రెండూ కలిస్తే సాగదీసిన పాములాంటి వంపు.

చిన్న లెక్క చూద్దాం. ఆ మధ్యబిందువు తిరిగే వలయం వ్యాసార్థం 5 మీటర్లు, కారు పక్కకు జరగాల్సింది 2.6 మీటర్లు అనుకుందాం. జరగాల్సిన దూరాన్ని వ్యాసార్థానికి రెట్టింపుతో భాగించి, ఒకటిలోంచి తీసేస్తే 0.74. ఇది కొసైన్ విలువగా ఉన్న కోణం సుమారు 42 డిగ్రీలు. అంటే కారు అంత కోణానికి తిరిగాక స్టీరింగ్‌ను రెండోవైపు తిప్పాలి. మొత్తం మీద దాదాపు 6.7 మీటర్లు వెనక్కి రావాలి. '45 డిగ్రీలకు వచ్చాక ఎడమకు తిప్పు' అని డ్రైవింగ్ స్కూల్ మాస్టారు చెప్పే మాట ఊరికే పుట్టలేదన్నమాట.

ఈ దారి వెంట స్టీరింగ్‌ను తిప్పేది ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్‌లోని మోటారు. మామూలుగా మన చేతికి సాయం చేసే మోటారే ఇప్పుడు కంప్యూటర్ మాట వింటుంది. మనం చక్రం పట్టుకోగానే ఆ బలాన్ని గుర్తించి పక్కకు తప్పుకుంటుంది. చోటు ఇరుకైతే ముందుకూ వెనక్కూ రెండు మూడుసార్లు కదిలి సర్దుకుంటుంది.

ఇరవై ఏళ్ల ప్రయాణం

మార్కెట్లోకి వచ్చిన మొదటి వ్యవస్థ టొయోటాది. 2003లో జపాన్‌లో ప్రియస్ కారుతో వచ్చింది. అందులో వెనక కెమెరా బొమ్మ చూసి, కారు ఎక్కడ ఆగాలో డ్రైవరే తెర మీద గుర్తు పెట్టాలి. 2006లో లెక్సస్ ఎల్ఎస్ 460తో అమెరికన్లకు పరిచయమైంది. తొలి తరాల్లో బ్రేకు, గేరు మన పనే. ఇప్పుడు చాలా కార్లలో అవి కూడా కారే చూసుకుంటుంది. నాలుగువైపులా కెమెరాలు చేరాక తెల్లగీతల మధ్య కూడా ఆపగలుగుతోంది. టెస్లా 2022లో అల్ట్రాసోనిక్ సెన్సర్లు తీసేసి కెమెరాల దారి పట్టింది. ఆ మార్పు వల్ల కొత్త కార్లలో కొంతకాలం ఆటోపార్క్ లేకుండా పోయింది.

పని చేస్తుందా అంటే చేస్తుంది. 2015లో ట్రిపుల్ ఏ సంస్థ చేసిన పరీక్షల్లో, మనుషులు పెట్టినప్పటితో పోలిస్తే ఈ వ్యవస్థలున్న కార్లు కర్బ్‌ను గుద్దడం 81 శాతం తగ్గింది. ముందుకూ వెనక్కూ కదలడం 47 శాతం తగ్గింది.

దానికి తెలియనివి

కర్బ్‌కు ఎంత దగ్గరగా ఆపాలో కారుకు తెలుసు. అక్కడ ఆపొచ్చో లేదో చాలాసార్లు తెలియదు. న్యూయార్క్ వీధిలో అందమైన ఖాళీ కనిపించిందంటే పక్కన ఫైర్ హైడ్రంట్ ఉందేమో చూడాలి. దానికి 15 అడుగుల లోపు ఆపితే టికెట్ ఖాయం. వీధి ఊడ్చే రోజుల బోర్డు, పక్కింటివాళ్ల డ్రైవ్‌వే కూడా సెన్సర్‌కు ఖాళీ చోటులాగే ఉంటాయి. శాన్ ఫ్రాన్సిస్కోలో 3 శాతం దాటిన వాలులో కారు ఆపితే ముందు టైర్లను కర్బ్ వైపుకో, రోడ్డు వైపుకో వాలును బట్టి తిప్పి ఉంచాలి. కారు మాత్రం టైర్లను నిటారుగా పెట్టి 'పని అయింది' అంటుంది. ఆ చివరి తిప్పు మనదే.

సన్నటి స్తంభం, వేలాడే గొలుసు, మెత్తటి మంచు కుప్ప శబ్దాన్ని సరిగా వెనక్కి పంపవు. ముందున్న పికప్ ట్రక్కు వెనక పొడుచుకొచ్చిన ట్రైలర్ హుక్ ఒక్కోసారి సెన్సర్ ఎత్తుకు అందదు. బంపర్ మీద బురద, ఐస్ పేరుకుంటే ఆ సెన్సర్ మూసుకుపోయినట్టే. మంచు మీద చక్రం జారితే దూరం లెక్క తప్పుతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది మనుషులు. కారు వెనక భాగం సందులోకి దిగుతున్నప్పుడు ముందు ఎడమ మూల రోడ్డులోకి బయటికొస్తుంది. అప్పుడే సైకిల్‌పై ఒకరు రావచ్చు, రెండు కార్ల మధ్య నుంచి పిల్లాడు దూసుకురావచ్చు. మనమేమో తెరలో వెనక కెమెరా బొమ్మే చూస్తుంటాం. వెనక్కి కదిలే ముందు ఎడమ భుజం మీదుగా ఒకసారి చూడటం, కదులుతున్నంతసేపూ కాలు బ్రేకు దగ్గరే ఉంచటం మానకూడదు. ఏదైనా తగిలితే 'కారే చేసింది' అన్న మాట ఇన్సూరెన్స్ దగ్గర నిలవదు. డ్రైవర్ సీట్లో ఉన్నవారిదే బాధ్యత.

పిల్లలకు ముందు చేత్తో

మన ఇళ్లలో పదహారేళ్లు నిండిన పిల్లలు పర్మిట్ తీసుకుంటున్నారు. కాలిఫోర్నియా డ్రైవింగ్ పరీక్షలో సెల్ఫ్ పార్కింగ్ వాడనివ్వరు. మేరీల్యాండ్ అయితే 2015లో ప్యారలల్ పార్కింగ్‌నే పరీక్షలోంచి తీసేసింది. పరీక్షలో లేదు, కారులో బటన్ ఉంది అని నేర్పడం వదిలేసే తల్లిదండ్రులు ఉన్నారు. కానీ కాలేజీకి వెళ్లాక ఆ పిల్లలు స్నేహితుల పాత కారు నడుపుతారు, అద్దె కారు నడుపుతారు. బటన్ ఉన్న కారులో కూడా సెన్సర్ మూసుకుపోతే స్టీరింగ్ సగంలో మన చేతికే తిరిగొస్తుంది. అదీ వెనక ట్రాఫిక్ ఆగి ఉన్నప్పుడు.

అందుకే ఒక ఆదివారం పొద్దున ఖాళీ పార్కింగ్ లాట్‌కు తీసుకెళ్లండి. 16 అడుగుల కారుకు 24 అడుగుల ఎడంగా పెద్ద అట్టపెట్టెలు పెట్టండి. తగిలినా ఎవరికీ నష్టం లేదు. ముందు చేత్తో పదిసార్లు చేయించండి. తర్వాత నిజమైన వీధిలో బటన్ నొక్కి, స్టీరింగ్ ఎప్పుడు ఎటు తిరుగుతోందో పక్కన కూర్చుని చూపించండి. తాము చేసిందే కారు చేస్తోందని వాళ్లకు అర్థమవుతుంది. అది తప్పు చేయబోతే వాళ్ల కాలు బ్రేకు మీదకు దానంతటదే వెళ్తుంది.